రెండు లైన్ల మధ్య అయిదో క్లాసు

ముందుగా చదివేవాళ్ళందరికీ నమస్కారం. నేను ఇంతవరకూ సరుకుల చీటీలు, మా చెల్లెలికి ఉత్తరాలు తప్ప ఏమీ రాసినదాన్ని కాను. నా చదువు అయిదో క్లాసు. అది కూడా ఎలా పూర్తయిందో వింటే మీకు నవ్వొస్తుంది. ఆ సంగతే రాయబోతున్నాను. ఒత్తు ఎక్కడ పెట్టాలి, దీర్ఘం ఎక్కడ తీయాలి అన్నది నాకు ఇప్పటికీ అనుమానమే. పుట్టిన దగ్గర్నుంచీ హిందీ ఊళ్ళో ఉండి కొన్ని తెలుగు మాటలు నోట్లోనే అరిగిపోయాయి. మా మనవరాలు పక్కన కూర్చుని తప్పులు దిద్దుతానంది గానీ, దానికి తెలుగు చదవడమే రాదు. కాబట్టి నా రాత ఎలా ఉంటే అలాగే సర్దుకుని చదువుకోవాలి. 

నన్ను రాయమని పట్టుబట్టింది మా పక్కింటి కుర్రాడు డేనియల్. మొన్న బిలాస్‌పూర్‌లో చర్చీలన్నీ కలిసి ఒకే పందిరి కింద సభ పెట్టుకున్నాయి. ‘మనమంతా ఒక్కటే’ అని పెద్ద గుడ్డ మీద రాయించి కట్టారు. నేను హిందువునే గానీ, పాత మిషను బళ్ళో చదివినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలానని రిక్షా పెట్టి తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టారు. సభ చెప్పిన వేళకి మొదలవలేదు. మొదటి ప్రార్థన ఎవరి పాస్టరుగారు చేయాలన్నది తేలలేదట. పందిరి వెనక పెద్దలందరూ చాలా మర్యాదగా, ‘మీరు చేయండి’ అంటే ‘అబ్బే, మీరే చేయండి’ అనుకుంటూ, ఒక్కరూ ఒక్క అడుగు వెనక్కి వేయకుండా నిలబడ్డారు. నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఊరు ఎంత మారినా, ఊరి అవతల తోర్వా పొలాల్లో ఇళ్ళు లేచి స్కూటర్లు తిరుగుతున్నా, అసలైన సంగతులు పెట్టినచోటే ఉన్నాయనిపించింది. సభ అయ్యాక డేనియల్ వచ్చి, “అమ్మమ్మా, మిషన్ల సహకారం గురించి చిన్న పుస్తకం వేస్తన్నాం. నీ చిన్నప్పటిది కొంచెం రాసియ్యవా?” అన్నాడు. సహకారం గురించైతే నాకు బాగా తెలుసు. దానివల్ల నా చదువు కొద్దిలో పోయేది.

మా నాన్న ఇంజన్ షెడ్డులో ఫిట్టరు. విజయనగరం అవతల పల్లె నుంచి మా తాతతో కలిసి వచ్చి ఇక్కడ రైల్వేలో చేరాడు. షెడ్డు ఎదురుగా, రైలు లైనుకి ఊరివైపున తెలుగువాళ్ళ క్వార్టర్ల వరస ఉండేది. ఒక గది, ఒక వసారా, వెనక పొయ్యి. పొద్దున్న షెడ్డు కూత కూసే లోపల అమ్మ చోడి అంబలి, అంటే రాగి అంబలి, కాచి చల్లార్చేది. నాన్న తాగి వెళ్ళేవాడు. సాయంత్రం ఆయన వచ్చేవరకూ ఇంట్లో అంబలి పులుపు వాసన, ఆయన వచ్చాక ఇంజను నూనె వాసన. ఆయన బట్టలు సోడా వేసి ఉడకబెట్టిన నీళ్ళు అమ్మ పారబోస్తే వాకిట్లో నల్లటి కాలవ కట్టేది. ఆరేసిన తెల్ల బట్ట సాయంత్రానికి బూడిద రంగుకి వచ్చేది. మా వరసలో తెల్ల చీర ఉన్న మనిషి ఒక్కతే, రూతమ్మ. ఆమె బడిపంతులమ్మ. మొగుడు పోయాక ఫైర్‌మన్‌గా ఉన్న తమ్ముడి దగ్గర ఉండేది. ఆ చీర అంత తెల్లగా ఎలా ఉంచేదో దేవుడికే తెలియాలి. ఆమె దేవుడికి.

ఇంటికి పెద్ద మా మామ్మ, నాన్నని కన్నతల్లి. అడ్డచుట్ట తాగేది. మా వైపు ఆడవాళ్ళు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగుతారు కదా, అలాగ. వసారాలో గోడకి ఆనుకుని, నోరు మూసుకుని, పొగ మాత్రం బయటికి వదులుతూ వచ్చేపోయేవాళ్ళని చూస్తూ ఉండేది. మామ్మ చుట్ట నోట్లోంచి తీసిందంటే ఎవరికో మూడిందని వరస వరసకీ తెలుసు. ఊరొదిలి వచ్చి ఎన్నేళ్ళయినా ఆమె నేర్చుకున్న హిందీ ఒక్కటే మాట, అచ్ఛా. దాంతోనే కూరలవాడితోనూ, జమాదారుతోనూ, దేవుళ్ళతోనూ పని జరుపుకునేది.

ఆ రోజుల్లో ఊళ్ళో రెండు మిషన్లు ఉండేవి. వాటి అసలు పేర్లు చాలా పొడుగు, మా వరసలో ఎవరికీ నోరు తిరిగేవి కావు. ఊరివైపు మిషనువాళ్ళు మతంలో కలుపుకునేటప్పుడు నెత్తిన నాలుగు నీళ్ళు చల్లేవారు. షెడ్డు అవతల, తోర్వావైపు మిషనువాళ్ళు మనిషిని మొత్తంగా ఏట్లో ముంచి తీసేవారు. అందుకని మామ్మ వాళ్ళకి సల్లే మిషను, ముంచే మిషను అని పేర్లు పెట్టింది. అవే ఖాయం అయిపోయాయి. ఇద్దరికీ దేవుడు ఒక్కడే, పుస్తకం ఒక్కటే, పాటలు కూడా చాలావరకు ఒక్కటే. తేడా అంతా నీళ్ళు ఎన్ని అన్న దగ్గరే. దానికోసం సముద్రాలు దాటి వచ్చి, వేసంగిలో చెంబుడు నీళ్ళకి కొట్టుకునే మా ఊళ్ళో, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా బతికేవారు. ముంచేవాళ్ళకి ఇంకో కష్టం కూడా ఉండేది. వానలు వెళ్ళిపోతే మా అర్పా నదిలో మోకాలు కూడా మునగదు. పాపం, మనిషిని ఇసకలో పడుకోబెట్టి తిప్పి తిప్పి తడపాల్సి వచ్చేది.

వాళ్ళు అలా విరోధంగా ఉన్నన్నాళ్ళూ మా పిల్లల బతుకు పండగ. ఇద్దరికీ బళ్ళు ఉండేవి, ఇద్దరూ తెలుగు పిల్లలకి తెలుగు క్లాసు పెట్టారు. రూతమ్మ చల్లేవాళ్ళ బళ్ళో చెప్పేది. పొద్దున్న అక్కడికి వెళ్ళేవాళ్ళం. మధ్యాహ్నం లైను దాటి ముంచేవాళ్ళ బడికి వెళ్ళేవాళ్ళం. అక్కడ రంగుల బొమ్మ కార్డు ఇచ్చారని తెలిస్తే ఇక్కడ రెండు కార్డులు. ఇక్కడ క్రిస్మస్‌కి గౌను ఇస్తే అక్కడ గౌనుతోపాటు రిబ్బను. ఎక్కాలు రెండు చోట్లా వల్లించడంవల్ల నాకు గట్టిగా వచ్చేశాయి. జ్వరం వస్తే ఇద్దరు నర్సమ్మలు వచ్చేవారు, రెండు రంగుల మందు ఇచ్చేవారు. మామ్మ రెండూ కలిపి పోసేసేది. ఎవరికీ ఏమీ కాలేదు.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా మామ్మ ఒకరోజు నాన్న అంబలి తాగుతుంటే చుట్ట బయటికి తీసింది.

“గుంట ఎదిగొచ్చినాది. అక్కడ నీ అప్ప అప్పలనర్స కొడుకుని పెట్టుకుని ఎదురుసూస్తంది. ఈ వేసంగిలో ముడెట్టీరా.”

“అయిదు పాసవనీయే అమా,” అన్నాడు నాన్న. “మిషనోల పెద్దాసుపత్రిలో ఆడపిల్లలకి నర్సు పని నేర్పుతారట. అయిదు పాసైతే తీసుకుంటారట.”

“పాసవకపోతే?”

“పాసవకపోతే వేసంగిలో నీ ఇట్టం.”

“పాసయితే?”

“పాసయితే అది పెద్దదయ్యే వరకూ పెళ్ళి మాట ఎత్తకూడదు.”

మామ్మ చుట్ట నుసి దులిపింది. “అచ్ఛా,” అంది. చుట్ట మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. నేను తలుపు వెనక నిలబడి అంతా విన్నాను. పల్లెలో ఉన్న నాన్న అక్క, అప్పలనర్స అత్త కొడుకు సింహాచలాన్ని నేను ఒక్కసారే చూశాను. మేకపిల్ల చెవి కొరికి ఏడిపిస్తున్నాడు. ఆ రోజు నుంచి నేను చదివిన చదువు సరస్వతీదేవి మీద భక్తితో చదివింది కాదు.

సరిగ్గా అప్పుడే మిషన్లు రెండూ కలిసిపోయాయి.

ఎక్కడో పెద్ద సభ జరిగిందట. ఒకే పని చేసేవాళ్ళు విడివిడిగా చేయడం దేవుడికి దుఃఖం కలిగిస్తోందని అక్కడ తేలిందట. దేవుడు ఇన్నేళ్ళూ ఆ దుఃఖం ఎలా దిగమింగుకున్నాడో. ఒక సాయంత్రం చల్లేవాళ్ళ పొడుగు మిస్సమ్మ, ముంచేవాళ్ళ కళ్ళజోడు మిస్సమ్మ చేతిలో చెయ్యి వేసుకుని మా వరసకి వచ్చారు. వాళ్ళని ఒకేచోట చూసి మా కుక్క కూడా మొరగడం మరిచిపోయింది. రూతమ్మ పక్కన నిలబడి వాళ్ళ హిందీని తెలుగులో చెప్పింది.

“ఇంతకాలం మేం ఒకే పొలంలో రెండు నాగళ్ళు పట్టుకుని దెబ్బలాడుకున్నాం. ఇకమీదట కలిసి దున్నుతాం అంటన్నారు.”

“బాగున్నాది,” అంది మామ్మ. “ఐతే ఒక నాగలి ఇంటికెలిపోతాదేటి?”

రూతమ్మ ఆ ముక్క హిందీలోకి మార్చలేదు. మార్చి ఉంటే బాగుండేది.

కలిసి దున్నడం అంటే ఏమిటో తర్వాత తెలిసింది. ఊరుని రెండుగా పంచుకున్నారు. ఒకరి పిల్లల్ని ఒకరు లాక్కోకూడదు, ఒకరి వైపు ఒకరు బడి గానీ మందు గానీ పెట్టకూడదు. హద్దు ఏమిటంటే రైలు లైను. లైనుకి ఊరివైపు అంతా చల్లేవాళ్ళది, షెడ్డువైపు అంతా ముంచేవాళ్ళది. దేవుడు ఆరు రోజులు కష్టపడి ఆకాశం, భూమి, చెట్లు, చేపలు అన్నీ చేశాడు గానీ రైలు లైను వేయడం మరిచిపోయాడు. ఆ లోటు మా రైల్వేవాళ్ళు తీర్చారు. ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం బడి పోయింది, రెండో గౌను పోయింది, రెండో రంగు మందు పోయింది. అయినా ఊరివైపు బడి ఉంది, రూతమ్మ ఉంది. నాకు కావలసింది అయిదో క్లాసు. సరే అనుకున్నాను.

వానలు వెలిశాక రైల్వేవాళ్ళు యార్డు పెంచారు. రైళ్ళు ఎక్కువయ్యాయి, నిలబెట్టడానికి చోటు లేదు. మా వరసకి వెనకాల, ఊరివైపున, ఖాళీగా పడున్న నేలలో కంకర పోసి కొత్త లైను వేశారు. ముందు పాత లైను, వెనక కొత్త లైను, మధ్యలో మేం. రెండు వైపులా ఇంజన్లు కూస్తుంటే అమ్మ పప్పులో ఉప్పు వేసిందో లేదో మరిచిపోయేది. మాకు తెలిసిన కష్టం అంతవరకే. అసలు కష్టం పొడుగు మిస్సమ్మ మెత్తగా చెప్పింది. ఒక రోజు బళ్ళో ప్రార్థన అవగానే మా వరస పిల్లలందరినీ నిలబెట్టి, తలలు నిమిరి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. లైనుకి ఊరివైపు పిల్లలే మా పిల్లలు, మీరిప్పుడు లైనుకి అవతల ఉన్నారు, మిమ్మల్ని ఇక్కడ ఉంచుకుంటే మా అక్కగారి మిషనుకి ద్రోహం చేసినట్టు అవుతుంది, వాళ్ళ బడికి వెళ్ళండి అంది. తెలుగు పిల్లలందరం మా వరసవాళ్ళమే కాబట్టి తెలుగు క్లాసు కూడా ఎత్తేశారు. రూతమ్మని ఇంటికి పంపేశారు.

మర్నాడు నాన్న డ్యూటీకి వెళ్తూ నన్ను షెడ్డువైపు బడికి తీసుకెళ్ళాడు. కళ్ళజోడు మిస్సమ్మ మాకు కుర్చీ వేసింది. నాన్న నూనె బట్టలతో కుర్చీలో కూర్చోలేక నిలబడ్డాడు. ఆమె గోడమీద ఊరి పటం చూపించి, ఒప్పందం జరిగిన రోజున ఉన్నది పాత లైను ఒక్కటే కదా, మీరు దానికి ఊరివైపే కదా ఉన్నారు, పిల్లని తీసుకోవాలని నాకు ఎంతో ఉంది గానీ చెల్లెలి వాకిట్లో పువ్వు నేను కోయలేను అంది. ఎంత మంచి మాట. ఒకరు అక్క అంటారు, ఒకరు చెల్లెలు అంటారు. విరోధం ఉన్నప్పుడు ఒకరినొకరు ఏమనుకునేవారో నాకు తెలుసు కాబట్టి ఆ ప్రేమ చూసి ఒళ్ళు జలదరించింది. నాన్న దారిలో ఒక్క మాటే అన్నాడు. “తిట్టుకున్నపుడే బాగున్నాది గదే పైడీ.”

నాన్న ఊరుకోలేదు. ఇద్దరి దగ్గరికీ తిరిగాడు. దాంతో వాళ్ళు ఉమ్మడి కమిటీ వేశారు. ఒక సోమవారం కమిటీవాళ్ళు మా వరస చూడడానికి వచ్చారు. ముందుగా కుర్చీలు వచ్చాయి, తర్వాత టీ, ఆ తర్వాత మనుషులు. చల్లేవాళ్ళు నిలబడి ప్రార్థన చేశారు. ముంచేవాళ్ళు మోకాళ్ళ మీద చేశారు. అటు కూర్చున్నవాళ్ళకి ఇటు ఇంజను పొగ, ఇటు కూర్చున్నవాళ్ళకి అటు ఇంజను పొగ. ఒప్పందంలో ‘లైను’ అన్నది ఏ లైను అని చాలాసేపు తర్కించుకున్నారు. చివరికి లైను పనులు చూసే రైల్వే దొర ట్రాలీ మీద పోతుంటే ఆపి ఆయన్నే అడిగారు. ఆయన టోపీ తీసి, ఈ రెండూ చాలవు, వచ్చే ఏడాది ఇంకోటి పడుతుంది, ఎక్కడన్నది తెలియదు అని చెప్పి ట్రాలీ తోయించుకుని వెళ్ళిపోయాడు. ఐతే మూడో లైను పడ్డాక మళ్ళీ కలుద్దామని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇన్నేళ్ళ విరోధం తర్వాత ఏకగ్రీవం అన్నది అదే మొదలట. ఒకరికొకరు చేతులు కలుపుకుని సంతోషించారు.

నేను వసారా స్తంభం పట్టుకుని ఏడుస్తున్నాను. వేసంగి ముందర ఇన్స్‌పెక్టరు వచ్చి అయిదో క్లాసు పరీక్ష తీసుకుంటాడు. ఏదో ఒక బళ్ళో పిల్లగా కూర్చుంటేనే పరీక్ష. రూతమ్మ మంచిది. ఆమెని మా వరసలో చెప్పడానికి వీల్లేదన్నారు. అయినా రోజూ మా వసారాలో రోలు ముందు కూర్చుని చోళ్ళు దంచుతూ, “నేను బడి సెప్పడం నేదు. నేను దంచుకుంటన్నాను. పక్కన గుంట లెక్కలు సెప్పుకుంటంది. మా మిస్సమ్మ అడిగితే అదే సెప్తాను,” అనేది. ఆ రోకటి పోటుకీ పోటుకీ మధ్య నాకు భిన్నాలు వచ్చాయి. కానీ ఇన్స్‌పెక్టరు మా రోలు దగ్గరికి రాడు కదా.

కమిటీవాళ్ళ కుర్చీలు తీసుకెళ్ళిపోయాక మామ్మ చుట్ట బయటికి తీసింది. నేను అనుకున్నాను, ఇక గెలిచానంటుంది, అప్పలనర్స అత్తకి కబురు పెట్టమంటుంది అని. అమ్మ కూడా అదే అనుకున్నట్టుంది, గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

“ఒరే,” అంది మామ్మ నాన్నతో. “మనం పందెం ఏసుకున్నామా నేదా?”

“ఏసుకున్నాం. నువ్వు గెలిసినావులే.”

“ఎలగ గెలిసినాను? కోడిని బరిలోకి దింపకుండా ఓడిపోనాదంటే నానొప్పుకోను. మా అయ్య పందెం కోళ్ళు పెంచినోడు. గుంట పరీచ్చకి కూకోవాలి, తప్పాలి, అప్పుడు నాను గెలవాలి. ఈలెవలో నాలుగు కుర్చీలేసుకుని నా పందెం పాడుసేత్తే ఊరుకుంటానేటి?”

మర్నాడు ఉదయమే నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది. హిందీ చెప్పడానికి నేను. ముందు షెడ్డువైపు. కళ్ళజోడు మిస్సమ్మ తోటలో గులాబీలకి నీళ్ళు పోస్తోంది. మామ్మ నోట్లో నిప్పు చూసి ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

“పైడీ, సెప్పు దీనికి. సల్లే మిషనోలు వొచ్చే ఆదివారం మా వరసకి వొస్తారట. వరసంతా ఎదురుసూస్తందని సెప్పు.”

నేను చెప్పాను. మిస్సమ్మ చేతిలో చెంబు ఒరిగింది. “క్యోఁ?” అని అడిగింది.

“ఎందుకో నాకేటి తెలుసు అని సెప్పు. ఒకట్రెండు కుండల నీళ్ళు కూడా తెస్తారని అనుకుంటన్నారు అని సెప్పు. ఎవలు అనుకుంటన్నారంటే ముసల్దాన్ని, నాకు గుర్తు నేదు అని సెప్పు.”

అంతా చెప్పాను. ఆమె ముఖం తన రుమాలు అంత తెల్లగా అయింది. అక్కడి నుంచి రెండు లైన్లూ దాటి ఊరివైపు వెళ్ళాం. పొడుగు మిస్సమ్మకి కూడా ఇదే కథ. కాకపోతే ఈసారి వచ్చేవాళ్ళు ముంచేవాళ్ళు, కుండలు కాదు, వరసంతా అర్పాకి నడిచి వెళ్తుందని అనుకుంటున్నారు. పొడుగు మిస్సమ్మ నిలబడి ఉన్నదల్లా కూర్చుండిపోయింది. తిరిగొస్తుంటే నేను అడిగాను, “అబద్ధాలు కాదా మామ్మా?” అని.

“ఏటి అబద్ధం? ఆలు వొస్తారని ఈలకి సెప్పినాను, ఈలు వొస్తారని ఆలకి సెప్పినాను. సూడు, ఇద్దరూ వొస్తారు. వొచ్చినాక నిజమే అయిపోద్ది.”

ఆదివారం చర్చి గంటలు మోగక ముందే ఇద్దరూ వచ్చేశారు. ఒకరు ముందు లైను దాటి, ఒకరు వెనక లైను దాటి. చేతుల్లో బొమ్మ కార్డులు, పిల్లలకి మిఠాయి, బడి పలకలు. పాత రోజులు వచ్చాయని మా వరస పిల్లలు గంతులు వేశారు. మిస్సమ్మలిద్దరూ మా వసారా ముందు ఎదురుపడ్డారు. ఒకరి చేతిలో సంచి ఒకరు చూశారు. కుండల నీళ్ళు లేవు, ఏటికి వెళ్ళే జనం లేరు. మా అమ్మ ఆవాలు వేయిస్తోంది, రూతమ్మ రోలు దగ్గర ఉంది. మామ్మ గోడకి ఆనుకుని పొగ వదులుతోంది.

ఇప్పుడు వీళ్ళిద్దరూ కోపం చేసుకుని తిరిగి వెళ్ళిపోతే అంతే, నేను, సింహాచలం, ఆ మేకపిల్ల. మొదట నవ్వింది కళ్ళజోడు మిస్సమ్మ. చేతిలో సంచి కింద పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వింది. పొడుగు మిస్సమ్మకి మాత్రం నవ్వు రాలేదు. ఎర్రబడ్డ ముఖంతో మామ్మని చూసి, ఎందుకిలా చేశావు అని హిందీలో అడిగింది. మామ్మ చుట్ట తీసింది.

“పైడీ, సెప్పు. మీరు దెబ్బలాడుకున్నపుడు ఈ గుంటకి రెండు బళ్ళు. మీరు కలిసిపోనాక ఒక్కటీ నేదు. మీ నేస్తరికం మాకొద్దు, మళ్ళీ కొట్టుకోండి అని సెప్పు.”

నేను మామ్మ వెనక్కి జరిగిపోయాను. రూతమ్మ రోకలి కింద పెట్టి, కొంగు సర్దుకుని, ముక్క వదలకుండా హిందీలో చెప్పేసింది. అప్పటివరకు ఆమె మిస్సమ్మల ముందు గొంతెత్తడం నేను చూడలేదు. పొడుగు మిస్సమ్మ మా అరుగు మీద కూర్చుంది. నన్ను దగ్గరికి పిలిచి, చదువు అంది. నేను రూతమ్మ పుస్తకం నుంచి తెలుగు చదివాను. ఆమెకి తెలుగు రాదు. రూతమ్మ ముఖం చూస్తూ, రూతమ్మ తల ఊపినప్పుడల్లా తనూ ఊపింది. కళ్ళజోడు మిస్సమ్మ పలక మీద లెక్క వేసింది. చేశాను. ఇంకోటి వేసింది. అదీ చేశాను. అలా ఒకరు వింటూ, ఒకరు లెక్కలు వేస్తూ, గుడిలో ఆరాధన వేళ దాటిపోయిందని ఇద్దరికీ గుర్తు రాలేదు. నేను నా జీవితంలో చూసిన మిషన్ల సహకారం ఏదైనా ఉంటే అదొక్కటే. దానికి కుర్చీలు లేవు, టీ లేదు, తీర్మానం లేదు.

పరీక్ష రోజున నేను ఏ బడి పిల్లని అన్న ప్రశ్న వాళ్ళు కమిటీకి పంపలేదు. పంపి ఉంటే నేను ఇప్పటికీ అక్కడే కూర్చుని ఉండేదాన్ని. ఇద్దరూ వచ్చి చెరో చెయ్యి పట్టుకుని, వెనక లైను మీద పెట్టెలు అటూ ఇటూ లాగే షంటింగు ఆగేవరకు నిలబడి, నన్ను లైను దాటించారు. ఇన్స్‌పెక్టరు బెంగాలీ. నేను తెలుగు చదువుతుంటే కళ్ళు మూసుకుని సంగీతం విన్నట్టు విన్నాడు. లెక్కలు మాత్రం కళ్ళు తెరిచి చూశాడు. పాసయ్యాను.

మిషన్లలో మాత్రం పెద్ద గొడవ జరిగిందట, ఒప్పందం మీరారని ఇద్దరు మిస్సమ్మలకీ పైవాళ్ళ దగ్గర చీవాట్లు పడ్డాయట. ఈ సంగతి రూతమ్మ చెప్పింది. కొన్నాళ్ళకి పొడుగు మిస్సమ్మని వేరే ఊరు పంపేశారు. మా పిల్లల్లో చాలామందికి ఆ ఏడాదితోనే చదువు ఆగిపోయింది. అందరి ఇళ్ళల్లోనూ మా మామ్మలాంటి మామ్మ ఉండదు కదా. నా నర్సు చదువు సంగతి కూడా చెప్పాలి. ఆ క్లాసుని ఇకమీదట రెండు మిషన్లూ కలిసి ఇంకా బాగా నడుపుతాయని చెప్పి, ముందుగా ఉన్నదాన్ని ఆపేశారు. కలిసి నడపడం మొదలయ్యేసరికి నాకు ఇద్దరు పిల్లలు. ఇప్పుడు మా కోడలి చెల్లెలు అదే ఆసుపత్రిలో నర్సు. నన్ను చూడడానికి వచ్చినప్పుడు ఆ టోపీ తీసి పక్కన పెడుతుంది. ఎవరూ చూడకుండా నేను ఒకసారి పెట్టుకుని చూశాను. బాగానే ఉంది.

పాసైన కబురు విన్న రోజు మామ్మ ఏమంటుందో అని ఇంట్లో అందరం వసారాలోకి వచ్చేశాం. పందెం పోయిందని మామ్మ ఒప్పుకుంది. నా చేతిలో బెల్లం ముక్క పెట్టింది. మూడేళ్ళు తిరిగాక అప్పలనర్స అత్త కొడుకుని వెంటబెట్టుకుని, పసుపు కుంకాలతో రైలు దిగింది. పిల్ల పెద్దదయింది, ఇప్పుడైతే మాట తప్పినట్టు కాదని నాన్న కూడా తల వంచాడు. నేను వెనక పొయ్యి దగ్గర కూర్చున్నాను. మామ్మ కూతుర్ని, మనవడిని ఎగాదిగా చూసి చుట్ట బయటికి తీసింది.

“ఏటే అప్పలనర్సా, ఈడెంత సదివినాడు?”

“రెండు సదివినాడు. మగోడికి సదువెందుకమ్మా, పొలముంది గదా!”

“మా గుంట అయిదు. ఈడు రెండు. ఎలగ కుదురుద్దే? ఇంకో మూడు సదివించి తీసుకురా. నాను బతికుంటే అప్పుడు సూద్దాం.”

కన్న కూతురు ఏడ్చుకుంటూ అంబలి తాగి రాత్రి బండికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండేళ్ళకి మా నాన్న షెడ్డులోనే పనిచేసే అబ్బాయికి, నన్ను అడిగి, నన్నిచ్చి చేశారు. నన్ను అడిగి అని ఎందుకు రాశానంటే ఆ రోజుల్లో మా వరసలో అలా అడిగించుకున్నది నేనొక్కదాన్నే. ఇప్పటి పిల్లలు పదహారు క్లాసులు చదివి కూడా ఒక్కోసారి అడిగించుకోలేకపోతున్నారు. అయిదుతో నాకు జరిగింది తక్కువేమీ కాదు.

డేనియల్ బాబూ, నువ్వు సహకారం గురించి రాయమన్నావు, నాకు తెలిసింది రాశాను. నీ పుస్తకంలో వేసుకుంటే వేసుకో, లేకపోతే లేదు. చదివినవాళ్ళకి కోపం వస్తే పెద్దదాన్నని ఊరుకోండి. అక్షరాల్లో తప్పులు, మాటల్లో తప్పులు చాలా దొర్లి ఉంటాయి, మన్నించండి. దిద్దాలనిపిస్తే ఎవరో ఒక్కరే కూర్చుని దిద్దేయండి. అందరూ కలిసి దిద్దుదామని మాత్రం కమిటీ వేయకండి. నాకు అంత ఆయుష్షు లేదు.